సవరానికి సరిపడే రంగు

“జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే” అని సామెత. జుట్టు పలచబడిన వాళ్ళ సంగతి సామెతలో లేదు. కానీ ప్రతి ఆడపిల్లల హాస్టల్లోనూ అలాంటి వాళ్ళు ఉంటారు. టైఫాయిడ్, డెంగ్యూ వంటి పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు వస్తాయి. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నా రాలతాయి. బడికేమో రెండు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని వెళ్ళాలి. అప్పుడు అమ్మమ్మ పెట్టెలోని పాత సవరం బయటికి వస్తుంది. అది ఏళ్ళ తరబడి ఎండకూ గాలికీ ఎర్రబడి ఉంటుంది. జడ పైసగం నల్లగా, కిందిసగం ఎర్రగా కనబడితే వెనక బెంచీలో నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వుకు భయపడి, ఒంట్లో బాగాలేదని చెప్పి గదిలోనే ఉండిపోయిన చెల్లెళ్ళను మేము చూశాం.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఈ అంశాన్ని ఎంచుకున్నాం. మేము రసాయన శాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థినులం. మాలో ఇద్దరి ఇళ్ళలో చిక్కు వెంట్రుకలు కొనే పని ఉంది. పుస్తకాల్లో చదివినది, ఇళ్ళలో చూసినది, హాస్టల్లో చేసి చూసినది కలిపి ఇక్కడ రాస్తున్నాం. కాస్మొటిక్ చార్జీలతో కొత్త సవరం కొనుక్కోవడం ఎవరివల్లా కాదు. ఉన్న సవరానికి సరైన రంగు వేసుకోవడం మాత్రం నేర్చుకుంటే వస్తుంది.

సవరం ఏ రకమో ముందు తెలుసుకోవాలి

సవరాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది తలనీలాలతో చేసినది. ఒకేసారి కత్తిరించిన జుట్టు కాబట్టి వెంట్రుకలన్నీ ఒకే దిక్కుగా, మొదలు పైకి కొస కిందికి ఉంటాయి. రెండవది చిక్కు వెంట్రుకలతో చేసినది. దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టును ఉండలు చుట్టి దాచితే, వీధిలోకి వచ్చేవాళ్ళు దానికి సామాన్లో డబ్బులో ఇచ్చి తీసుకుంటారు. ఆ ఉండలను చిక్కు తీసి కట్టిన సవరం ఇది. మూడవది నైలాన్ వంటి కృత్రిమ దారాలతో చేసినది.

ఏది ఏదో తెలియకపోతే ఒక్క వెంట్రుకను తీసి పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట, పెద్దవాళ్ళ ఎదుట కొవ్వొత్తి మంటకు చూపాలి. అసలు వెంట్రుక అయితే ఈక కాలిన వాసన వస్తుంది. మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. కృత్రిమ దారమైతే కరిగి గట్టి పూసలా మారుతుంది, ప్లాస్టిక్ వాసన వేస్తుంది.

ఈ పరీక్ష ఎందుకంటే, తలకు వేసే రంగులు అసలు వెంట్రుకకు మాత్రమే పడతాయి. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. గొర్రె ఉన్నికి రంగు పట్టినట్టే దీనికీ పడుతుంది. నైలాన్ సవరానికి ఎంతసేపు ఉంచినా పట్టదు, వేడి నీళ్ళలో పెడితే దారాలు ముడుచుకుపోతాయి. కాబట్టి నైలాన్ సవరాన్ని కొనేటప్పుడే రంగు చూసి కొనాలి.

నలుపు ఒక్కటే కాదు

మన అందరి జుట్టూ నలుపే అనుకుంటాం. పది మంది వెంట్రుకలను తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తే పది రకాలు కనిపిస్తాయి. వెంట్రుక లోపలి పొరలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. యూమెలనిన్ నలుపు, గోధుమ రంగులనిస్తుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు ఛాయలనిస్తుంది. మన జుట్టులో మొదటిది చాలా ఎక్కువ. అయినా ఎండలో చూస్తే నల్ల జుట్టు అంచుల్లో కొద్దిగా ఎర్రని మెరుపు ఉంటుంది. ఆ మెరుపు లేని నలుపు చూసేవారికి వెంటనే కృత్రిమంగా తోస్తుంది.

ఒకే తలలో కూడా రంగు ఒకటి కాదు. మొదళ్ళ దగ్గర జుట్టు కొత్తది, నల్లగా ఉంటుంది. కొసలు రెండు మూడేళ్ళ పాతవి. అన్నాళ్ళు ఎండకు ఎండి, సబ్బుకు నలిగి ఎర్రబడతాయి. సవరం కలిసేది పాపిట దగ్గర కాదు, మెడ దగ్గర. జడలో దాని పక్కన ఉండేవి మన జుట్టు నడుము, కొసలు. అందువల్ల సవరాన్ని నుదుటి మీది జుట్టుతో పోల్చకూడదు. మెడ కింది జుట్టుతో పోల్చాలి. చాలామంది సవరాలు తేడాగా కనబడటానికి సగం కారణం ఇదే.

నూనె రాసిన జుట్టు నల్లగా కనిపిస్తుంది. తడి జుట్టు ఇంకా నల్లగా కనిపిస్తుంది. ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో మరోలా కనిపిస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు రెండూ కడిగి, ఆరి, నూనె లేకుండా ఉండాలి. పగటిపూట వరండా నీడలో చూడాలి.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడను వేస్తుంది. ప్రేక్షకులకు ముందు పరిచయమయ్యేది ఆ జడే. మన వార్షికోత్సవ నాటికల్లో జడలు కట్టే చెల్లెళ్ళు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మేకప్ గదిలోని దీపం కింద సరిపోయిన రంగు వేదిక దీపాల కింద సరిపోకపోవచ్చు. అక్కడికి తీసుకెళ్ళి ఒకసారి చూసుకోవాలి.

రంగు ఎలా పడుతుంది

వెంట్రుక పై పొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకుని ఉంటుంది. పొలుసులన్నీ కొస వైపు వాలి ఉంటాయి. రంగు నిలవాలంటే ఈ పొరను అంటిపెట్టుకోవాలి, లేదా దాటి లోపలికి వెళ్ళాలి.

గోరింటాకులో లాసోన్ అనే పదార్థం ఉంది. అది కెరటిన్‌తో కలిసి ఎర్రని రంగునిస్తుంది. గోరింటాకు ఉన్న ఛాయను కప్పదు, దాని మీద ఎరుపును చేరుస్తుంది. అందుకే తెల్ల వెంట్రుకపై నారింజ రంగుగా, నల్ల వెంట్రుకపై లేత ఎర్ర మెరుపుగా కనిపిస్తుంది. నీలి ఆకు పొడి నీలి రంగునిస్తుంది. ముందు గోరింటాకు, దాని మీద నీలి ఆకు పెడితే ఎరుపూ నీలమూ కలిసి ముదురు గోధుమ రంగు, ఇంకా ఎక్కువసేపు ఉంచితే నలుపు వస్తాయి.

దుకాణంలో దొరికే పెట్టె రంగుల పద్ధతి వేరు. 1907లో ఫ్రాన్సుకు చెందిన యూజెన్ షుయెల్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇటువంటి రంగును తయారుచేసి క్షౌరశాలలకు అమ్మడం మొదలుపెట్టాడు. ఇలాంటి రంగుల్లో చాలావాటిలో పారాఫినైలీన్ డైఅమైన్ ఉంటుంది. దీన్ని పి.పి.డి. అంటారు. అమ్మోనియా వంటి క్షారం పొలుసులను తెరుస్తుంది. చిన్నచిన్న రంగు అణువులు లోపలికి వెళతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని ఆక్సీకరణం చేస్తే అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. పెద్దవైనవి బయటికి రాలేవు. కిటికీ గుండా విడివిడిగా చేరిన కర్రలను గదిలో మంచంగా బిగిస్తే ఆ మంచం మళ్ళీ కిటికీలోంచి రానట్టు.

చిక్కు వెంట్రుకల సవరం విషయంలో ఒక మెలకువ ఉంది. అందులో కొన్ని వెంట్రుకలు తలకిందులుగా ఉంటాయి. పొలుసులు ఎదురుబొదురై చిక్కుపడతాయి. అందుకని తయారీలో ఆమ్లపు నీటితో ఆ పొలుసులను చాలావరకు తీసేయడం ఉంది. పొలుసులు పోయిన వెంట్రుక రంగును త్వరగా తాగుతుంది, త్వరగా నల్లబడుతుంది. పెట్టె మీద రాసిన సమయం తల మీది జుట్టుకు. సవరానికి అది ఎక్కువ కావచ్చు.

మేము చేసి చూసినది

ఎర్రబడిన ఒక పాత సవరం నుంచి నాలుగు సన్నని పాయలు తీసుకున్నాం. దానితోపాటు నైలాన్ సవరం పాయ ఒకటి. చేతులకు తొడుగులు వేసుకుని, వరండాలో చేశాం. ఆరిన తరువాత మా ఆరుగురి జుట్టు నమూనాలతో పోల్చాం.

మొదటి పాయకు గోరింటాకు మాత్రమే మూడు గంటలు. మునుపటికంటే ముదురైంది, కానీ ఎరుపు ఇంకా పెరిగింది. ఎవరి జుట్టుకూ సరిపోలేదు.

రెండవ పాయకు గోరింటాకు మూడు గంటలు, కడిగి నీలి ఆకు ఒక గంట. ఆ రోజు కొంచెం పచ్చగా అనిపించింది. రెండు రోజులకు ముదురు గోధుమగా స్థిరపడింది. ఇద్దరికి సరిపోయింది.

మూడవ పాయకు పెట్టె రంగులో నలుపు. చదువుకునే హాలులో ట్యూబులైటు కింద అందరికీ సరిపోయినట్టే ఉంది. బయటికి తెచ్చి చూస్తే నీలం కలిసిన నలుపు, మెరుపు లేదు. ఒక్కరికి మాత్రమే దగ్గరగా వచ్చింది.

నాలుగవ పాయకు పెట్టె రంగులో ముదురు గోధుమ, చెప్పిన సమయంలో సగం. ముగ్గురికి సరిపోయింది. పేరు గోధుమ అయినా చూడటానికి నల్ల జుట్టులాగే ఉంది.

నైలాన్ పాయ కడిగితే ఎలా ఉన్నది అలాగే వచ్చింది.

దీన్నిబట్టి తెలిసింది ఒకటి. “నల్ల జుట్టే కదా, నలుపు వేద్దాం” అనుకోవడం సరికాదు. నలుపుకంటే ఒక మెట్టు తక్కువ ఛాయతో మొదలుపెట్టాలి. తక్కువైన రంగును మళ్ళీ పెంచవచ్చు. ఎక్కువైన రంగును మరో రంగు వేసి తగ్గించలేం, ఎందుకంటే రంగు మీద వేసిన రంగు తేలిక కాదు. బ్లీచింగుతో తగ్గిస్తే వెంట్రుక పెళుసై తెగుతుంది, కింద నుంచి నారింజ ఛాయ బయటపడుతుంది.

చేసే పద్ధతి

1. నమూనా: దువ్వెనలో వచ్చిన మీ పొడుగు వెంట్రుకలు పదిహేను ఇరవై తీసి, షాంపూతో కడిగి ఆరబెట్టి, దారంతో కట్టి తెల్ల అట్టకు అంటించండి. ఇదే మీ కొలత.

2. కడగడం: సవరాన్ని మొదలు నుంచి కొస వరకు ఒకే దిక్కుగా షాంపూ నీళ్ళతో కడగండి. బట్టలా పిండవద్దు, బకెట్లో తిప్పవద్దు. నూనె ఉన్నచోట రంగు పట్టదు. నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

3. పాయ పరీక్ష: సవరం లోపలి వైపు నుంచి అగ్గిపుల్ల లావు పాయ ఒకటి విడదీసి దానికి ముందు రంగు వేయండి. పెట్టె రంగయితే ప్రతి ఐదు నిమిషాలకూ కొంచెం తుడిచి చూడండి. ఏ నిమిషానికి సరిపోయిందో రాసుకోండి. కడిగి ఆరాకే తీర్పు చెప్పాలి.

4. రంగు వేయడం: సవరాన్ని ప్లాస్టిక్ కాగితం మీద పొడుగ్గా పరచి, సన్నని పాయలుగా విడదీసి, పాత బ్రష్షుతో కొసల వైపు రాయండి. లోపలి పాయలు మరచిపోవద్దు. పైన ముడి దారం దగ్గర చివరగా పలచగా రాయండి.

5. ఆకు రంగయితే: వంద గ్రాముల సవరానికి సుమారు వంద గ్రాముల గోరింటాకు పొడి చాలు. రాత్రి నానబెట్టి ఉదయం పెట్టండి. ఇనుప బాండీలో నానబెడితే రంగు ముదురు అవుతుంది. కడిగాక నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీళ్ళతో కలిపి పావుగంటకు పెట్టండి. దాన్ని రాత్రంతా నాననిస్తే పనిచేయదు. చివరి రంగు రెండు రోజులకు గాని తెలియదు. తొందరపడి మళ్ళీ పెట్టవద్దు.

6. కడగడం, ఆరబెట్టడం: నీళ్ళు తేటగా వచ్చేవరకు కడగండి. చివర చెంబెడు నీళ్ళలో చెంచాడు నిమ్మరసం కలిపి పోస్తే పొలుసులు అణిగి మెరుపు వస్తుంది. తువ్వాలుతో అద్ది, ముడి పైకి ఉండేలా తగిలించి నీడలో ఆరబెట్టండి.

7. పోల్చడం: వరండా నీడలో అట్ట మీది నమూనాను సవరం మధ్యలో పెట్టి చూడండి. నమూనా ఎక్కడుందో వెంటనే కనబడకపోతే రంగు సరిపోయినట్టే.

నెరిసిన జుట్టుకు, పోయిన జుట్టుకు

మన అమ్మమ్మల సవరాలకు నల్ల రంగు వేస్తే పై జుట్టు నెరిసి, జడ నల్లగా కనిపిస్తుంది. నెరిసిన జుట్టు బూడిద రంగు కాదు. నల్ల వెంట్రుకలూ తెల్ల వెంట్రుకలూ కలిసి దూరానికి బూడిద రంగుగా కనిపిస్తాయి. కాబట్టి దీనికి ఉపాయం రంగులో లేదు, కలపడంలో ఉంది. సవరాలు కట్టేవాళ్ళు పలకకు నిలువుగా బిగించిన ఇనుప ముళ్ళ మధ్య నుంచి నల్ల పాయనూ తెల్ల పాయనూ కలిపి మళ్ళీమళ్ళీ లాగుతారు. ఎన్ని పాళ్ళు తెలుపు కావాలో అన్ని పాళ్ళు కలుస్తుంది. యంత్రం లేకుండా, కంటితో చేసే లెక్క ఇది.

క్యాన్సర్ మందులు వాడేవారికి జుట్టు మొత్తం రాలిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా అటువంటి వైద్యం మొదలవుతుంటే, జుట్టు రాలకముందే ఒక చిన్న పాయ కత్తిరించి, దారం కట్టి కాగితంలో దాచండి. పగటి వెలుతురులో ఒక ఫొటో తీయండి. తరువాత విగ్గు చేయించుకోవలసి వస్తే రంగుకు, ఒత్తుకు, వంపుకు ఆ పాయే ఆధారం. ఎవరి జుట్టు ఎలా ఉండేదో జ్ఞాపకం నుంచి చెప్పడం ఇంటివాళ్ళకు కూడా కష్టం.

ప్రమాదం ఎక్కడ ఉంది

పెట్టె రంగులోని పి.పి.డి. కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. దురద, బొబ్బలు, ముఖం వాపు రావచ్చు. సవరానికే కదా, తలకు కాదు కదా అనుకోకూడదు. రాసేది మన చేతులతోనే. సరిగా కడగని సవరం మెడకు తగులుతుంది. మోచేయి లోపలి వైపు చుక్క రాసి 48 గంటలు చూడాలి. ఎర్రబడితే ఆ రంగు మీకు పనికిరాదు. “నల్ల మెహందీ” పేరుతో అమ్మేవాటిలో కూడా పి.పి.డి. కలిసి ఉంటుంది. ఐరోపా దేశాల్లో ఈ రంగుల పెట్టెల మీద పదహారేళ్ళ లోపువారికి కాదని ముద్రించే నియమం ఉంది. మన బడి చెల్లెళ్ళు ఆకు రంగులతోనే చేసుకోవాలి, అదీ వార్డెన్ మేడం గారికి చెప్పి.

మరొక మాట గట్టిగా చెప్పాలి. ఈ రంగు కడుపులోకి వెళితే గొంతు వాచి ఊపిరాడదు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. పొరపాటున ఎవరి నోట్లోకి వెళ్ళినా వాంతి చేయించడానికి చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. కలిపిన రంగును గ్లాసుల్లో ఉంచవద్దు. మిగిలినది వెంటనే పారబోయాలి. చిన్నపిల్లలు ఉండే గదిలో పెట్టె ఉంచవద్దు.

ఈ రంగు వెనుక ఉన్న చేతులు

తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలను పొడుగునుబట్టి వేరుచేసి వేలంలో అమ్ముతారు. 2011లో ఈ-వేలం మొదలైంది. తెల్ల వెంట్రుకలకు అక్కడ వేరే తరగతి ఉంది. తెల్ల వెంట్రుకకు ఏ రంగయినా వేయవచ్చు గనుక దానికీ గిరాకీ ఉంటుంది.

చిక్కు వెంట్రుకల దారి వేరు. వీధివీధి తిరిగి కొనేవాళ్ళు, ఇంటి అరుగుల మీద కూర్చుని ఒక్కొక్క ఉండనూ విప్పే ఆడవాళ్ళు, ముళ్ళ పలక మీద దువ్వేవాళ్ళు, పొడుగు కొలిచి కట్టేవాళ్ళు, ఇన్ని చేతులు దాటాలి. చిక్కు తీయని సరుకు అలాగే దేశం దాటిపోతే ఈ పనులన్నీ దానితోపాటే పోతాయి. అందుకనే 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతిపై ఆంక్ష పెట్టి, అనుమతి తప్పనిసరి చేసింది.

ఈ పని ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు మన హాస్టళ్ళలో ఉన్నారు. కొందరు ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడవలసినది ఏమీ లేదని చెప్పడానికే ఇంత రాశాం. ఒక ఎర్రని పాయనూ ఒక నల్లని పాయనూ చూసి ఎంత పాళ్ళు కలపాలో చెప్పగలిగిన అమ్మకు ఏ ప్రయోగశాలలో చదివినవారికీ తీసిపోని జ్ఞానం ఉంది. ఆ జ్ఞానానికి మన రసాయన శాస్త్రం తోడైతే ఉండలు అమ్మే ఇల్లు రంగు వేసిన సవరాలు అమ్మే ఇల్లు అవుతుంది. ముడిసరుకు ధరకూ పనితనం ధరకూ ఉన్న తేడా ఆ ఇంటికే దక్కుతుంది.

గుర్తు పెట్టుకోవలసినవి

• అసలు వెంట్రుకో, నైలానో ముందు తేల్చుకోండి.
• మెడ కింది జుట్టుతో పోల్చండి, నుదుటి జుట్టుతో కాదు.
• ఒక మెట్టు తక్కువ ఛాయతో మొదలుపెట్టండి.
• పాయ పరీక్ష లేకుండా సవరం మొత్తానికి వేయవద్దు.
• ఆరాక, పగటి నీడలో చూసి నిర్ణయించండి.
• తొడుగులు, 48 గంటల చర్మ పరీక్ష తప్పనిసరి.

జ్వరం వల్ల రాలిన జుట్టు సాధారణంగా ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. ఈలోగా ఆకుకూరలు, పప్పు, గుడ్డు మానకుండా తినండి. హాస్టల్లో ఇచ్చే ఐరన్ మాత్రలు పారేయకుండా వేసుకోండి. ఆరు నెలలూ సవరం మీకు తోడుంటుంది. ఎవరి జడలోనైనా సవరం కనబడితే నవ్వకండి. రంగు సరిపోలేదనిపిస్తే పక్కకు పిలిచి, ఈ పేజీ చూపించి, పాయ పరీక్షకు సాయం చేయండి. ఈ సంచిక చదువుతున్న పూర్వ విద్యార్థినుల్లో సవరాలు, విగ్గుల పని తెలిసిన అక్కలు ఉంటే ఒక ఆదివారం వచ్చి మాకు ముళ్ళ పలక మీద వెంట్రుకలు కలపడం నేర్పవలసిందిగా కోరుతున్నాం.

— డిగ్రీ విద్యార్థినుల బృందం